ఉడతలా కనిపించే జంతువు, సొరుగులో పుర్రె

తలకోన జలపాతానికి పోయే దారిలో బండల మీద ఏదో పరుగెత్తింది. కుచ్చు తోక, గోధుమ రంగు ఒళ్లు. "ఉడతేలే" అన్నాడు మా తమ్ముడు. కానీ వీపు మీద చారల్లేవు. మూతి కోసుగా సాగి ఉంది. చెట్టెక్కకుండా రాలిన ఆకుల్లో పురుగులు వెతుక్కుంటోంది. అది మద్రాస్ ట్రీష్రూ అని తర్వాత తెలిసింది.

ఉడతకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. అడవిలో దూరం నుంచి చూస్తే ఆ సంగతి తేలడం కష్టం. మ్యూజియం సొరుగులోంచి పుర్రె చేతికి తీసుకుంటే నిమిషంలో తేలిపోతుంది. ఉడతకు ముందు పైన రెండు, కింద రెండు ఉలుల్లాంటి పళ్లు, తర్వాత ఖాళీ, ఆ వెనక దవడ పళ్లు. ట్రీష్రూకు నోటినిండా 38 చిన్న పళ్లు. పైగా కంటి చుట్టూ ఎముక కోతుల్లో మాదిరి పూర్తి వలయంగా ఉంటుంది. ఇలాంటి పోలికల వల్లే 1945లో సింప్సన్ అనే శాస్త్రవేత్త వీటిని కోతుల వర్గంలో కలిపాడు. ఇప్పుడు స్కాండెన్షియా అని విడి వర్గంగా లెక్కిస్తున్నారు.

మ్యూజియంలో దాచడానికి ఇంత చిన్న పుర్రెను కత్తితో గీకి శుభ్రం చేయబోతే విరిగిపోతుంది. అందుకే డెర్మెస్టిడ్ పురుగులున్న పెట్టెలో వదులుతారు, మాంసమంతా అవే తినేస్తాయి. ఆ పురుగులే జంతువుల తోళ్లు దాచే గదిలోకి చేరితే మాత్రం కొంప మునుగుతుంది! తోలులో దూది కూరి, కాలికి చీటీ కడతారు. తోక, వెనక పాదం, చెవి కొలతలు, దొరికిన చోటు, తేదీ, పట్టినవాళ్ల పేరు అందులో ఉంటాయి. నన్నడిగితే ఈ పని మొత్తానికి ప్రాణం ఆ చీటీయే. అది ఊడిపోతే మిగిలేది ఉత్త తోలు.

ఈ జంతువుకు శాస్త్రీయ నామం వచ్చింది మన వైపు దొరికిన నమూనాతోనే. 1850లో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త మద్రాసు సివిల్ సర్వీసు అధికారి వాల్టర్ ఇలియట్ పేరు మీద 'ఇలియోటై' అన్నాడు. ఇప్పటి పేరు 'అనతానా ఇలియోటై'లో ముందున్న 'అనతానా' తమిళులు పిలిచే 'మూంగిల్ అనత్తాన్' నుంచి వచ్చింది. అంటే వెదురు ఉడత. దొరికిన చోటు మాత్రం "కడప, నెల్లూరు మధ్య కొండలు" అని మాత్రమే నమోదైంది. ఇప్పటివాళ్లైతే జీపీఎస్ అంకెలు రాస్తారు. ఆ ఒక్క కొండ పేరు రాసి ఉంటే, పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కి పోయి, ఆ బండల మీద అది ఇంకా తిరుగుతోందేమో చూసి వచ్చేవాణ్ణి.