ఫోన్ లాక్కుంటే సరిపోతుందా? బడిలో నేను వినే అపోహలు

కావలి దగ్గర ఒక హైస్కూల్లో పదకొండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. పేరెంట్స్ మీటింగ్ పెడితే మార్కుల సంగతి అవగానే మాట పిల్లల ఫోన్‌ల మీదికి, ఆన్‌లైన్‌లో వాళ్లకు ఎదురయ్యే మోసాలు, బెదిరింపుల మీదికి మళ్లుతుంది. అక్కడ ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: ఫోన్ లాక్కుంటే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: లాక్కుంటారన్న ఆ భయమే మోసగాడికి పెట్టుబడి. వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి అబ్బాయి. వాళ్ల నాన్నకు అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. గేమ్‌లో పరిచయమైన ఒక ‘అన్న’ డైమండ్స్ (గేమ్‌లో డబ్బులా వాడేవి) ఉచితంగా ఇప్పిస్తానని వాట్సాప్ నంబరు తీసుకున్నాడు. వారం తిరక్కుండా చొక్కా లేని ఫొటో అడిగాడు. అది చేతికి రాగానే, ఇంకోటి పంపకపోతే దీన్ని మీ క్లాసు గ్రూపులో పెడతానన్నాడు. పిల్లవాడు మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్‌లో మౌస్ మీద చెయ్యి వణుకుతుంటే చూసి, "ఏమైంది అబ్బయ్యా?" అన్నాను. "మా నాన్న ఫోన్ తీసేసుకోడని చెప్పండి మేడమ్, అప్పుడు చెబుతా" అన్నాడు. అంత టెన్షన్‌లోనూ వాడికి ముందు గుర్తొచ్చింది అదే.

అందుకే తల్లిదండ్రులను బతిమాలి చెబుతున్నాను. "ఏం జరిగినా నాకు చెప్పు, కొట్టను, ఫోన్ లాక్కోను" అని ఈ రాత్రే అనండి. పిల్లలు వచ్చి చెప్పిన రోజున ఆ మాట మీద నిలబడండి.

అపోహ: ఇవన్నీ ఆడపిల్లలకే, మగపిల్లాడికేం?

వాస్తవం: పైన చెప్పింది మగపిల్లాడి గురించే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, ఆడా మగా తేడా లేదు. నేను చూసినంతలో మగపిల్లలు సిగ్గుతో ఇంకా ఆలస్యంగా నోరు విప్పుతారు.

అపోహ: పిల్లల ఫోన్‌ను పెద్దలు అదుపులో పెట్టే గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటి యాప్ వేస్తే చాలు.

వాస్తవం: చిన్నపిల్లలకు బాగా పనికొస్తుంది, వేయండి. గేమ్ లోపలి చాట్‌లో ఎవరు ఏమంటున్నారో మాత్రం అది చెప్పదు.

అపోహ: బెదిరిస్తే అన్నీ డిలీట్ చేసి బ్లాక్ చేసేయాలి.

వాస్తవం: డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. ముందు నంబరు, ప్రొఫైల్, బెదిరింపు మెసేజ్‌లు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. పిల్లల నగ్న ఫొటో ఏదైనా ఉంటే దాన్ని "చూడండి" అంటూ బంధువులకో టీచర్లకో పంపకండి. ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద అదీ నేరమే. డబ్బు అడిగితే ఇవ్వొద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లల ఆపదకు 1098 హెల్ప్‌లైన్ ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండా కూడా నమోదు చేయొచ్చు. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ 18 లోపు వయసులో తీసిన నగ్న చిత్రాలకు ఫోన్‌లోనే ఒక డిజిటల్ గుర్తు తయారు చేస్తుంది. ఫొటో ఫోన్ దాటి పోదు. ఆ గుర్తుతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ చిత్రాన్ని గుర్తుపట్టి తీసేయగలవు.

అపోహ: కంప్లైంట్ ఇస్తే పరువు పోతుంది.

వాస్తవం: పోక్సో కేసులో పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు మీడియాలో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, ఆ సమయంలో పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు లోలోపల కుమిలిపోయాయో నాకు తెలుసు.

అపోహ: గేటు దాటాక బడికి సంబంధం లేదు.

వాస్తవం: పోక్సో కిందికి వచ్చే నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం టీచర్లకూ చట్టపరమైన బాధ్యత. దాచిపెడితే శిక్ష ఉంది. అసలు చాలా బడులు స్టేటస్‌లలో పెట్టే ఫొటోలు చూడండి: యూనిఫాం, పూర్తి పేరు, తరగతి, సెక్షన్, అన్నీ ఒకే చోట. తెలియనివాడు పిల్లను పేరు పెట్టి పిలవడానికి ఇంకేం కావాలి? ఒక తల్లి వచ్చి "మా పాప పేరు తీసేయండి మేడమ్" అని అడిగాక, మా బడిలో బహుమతుల ఫొటోల కింద పేర్లు రాయడం మానేశాం.