చలికాలంలో ఇంటికి పనిలేదా? ఒక మేస్త్రీ చెప్పే అపోహలు - వాస్తవాలు

మార్గశిర లక్ష్మివారాలు మొదలైతే ఒడిశాలోని మా జయపురం వీధుల్లో ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండి జోటి ముగ్గులు, తెలుగు ఇళ్ల గడపలకు పసుపు కనిపిస్తాయి. అప్పటి నుంచి సంక్రాంతి దాకా అందరూ బూజులు దులుపుతారు, వెల్ల వేయిస్తారు. డాబా ఎక్కి చూసేవారు మాత్రం అరుదు. జయపురం, కొరాపుట్, సెమిలిగూడల్లో ఇరవై రెండేళ్లుగా ఇళ్ల మరమ్మతులు చేస్తున్న నాకు అదే బాధ.

అపోహ: డాబా పగుళ్లు మే నెలలో పూడిస్తే చాలు.

నాకు పని తెచ్చిపెట్టే అపోహ ఇది, అయినా నమ్మవద్దనే చెబుతాను. కాంక్రీటు వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పది మీటర్ల స్లాబు 10 డిగ్రీల తేడాకు సుమారు 1 మిల్లీమీటరు కదులుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున చల్లబడిన స్లాబుకూ, మే నెల మధ్యాహ్నం కాలిపోయే స్లాబుకూ తేడా 10 డిగ్రీలతో ఆగదు. అంటే పగులు బాగా తెరుచుకుని ఉండేది ఇప్పుడే. ఇప్పుడు నింపిన సీలెంటు, అంటే పగులు పూడ్చే పదార్థం, ఎండాకాలంలో నొక్కుకుని ఉంటుంది. మేలో సన్నని గీతలో నింపినది మళ్లీ చలి రాగానే అంచుల దగ్గర ఊడుతుంది.

పగులు కనిపెట్టడానికి మంచు కూడా సాయం చేస్తుంది. పొద్దున్నే డాబా అంతా తడిసి ఉంటుంది. ఎండెక్కేకొద్దీ మిగతా చోటంతా ఆరిపోయినా, పగుళ్ల వెంట నల్లని తడిగీతలు కొంతసేపు నిలుస్తాయి. ఆ సమయంలోనే సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. పూర్తిగా ఆరాక గీతను ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, సాగే గుణమున్న సీలెంటు నింపండి. సిమెంటు పాలు పోస్తే నిలవదు. కదిలే చోట గట్టిపడే పదార్థం విరగక తప్పదు. పగులు వెంట తుప్పు మరక దిగుతుంటే మాత్రం లోపలి ఇనుము పాడవుతోందని అర్థం. దాన్ని పైపైన పూడ్చకుండా ఇంజనీరుకు చూపించండి.

అపోహ: వాన లేదు కాబట్టి గోడ చెమ్మ అంటే పైపు పగిలినట్టే.

పోయిన పుష్యంలో ఒక పెద్దావిడ బీరువా జరిపించి గోడ మీది నల్లని బూజు చూపించారు. ‘‘బాబూ, చినుకు లేకుండా గోడ ఎలా తడిసింది?’’ అన్నారు. అప్పటికే ఎవరో గోడ తవ్వి పైపు మార్చాలని ఆమెకు చెప్పి ఉన్నారు. నేను మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేశాను. మర్నాడు కాగితం పైవైపున, అంటే గదివైపున, నీటి చుక్కలు ఉన్నాయి. గోడవైపు పొడిగా ఉంది. వంట ఆవిరి, స్నానాల గది ఆవిరి చల్లని ఉత్తరపు గోడకు తగిలి నీరవుతున్నాయన్నమాట. బీరువాను గోడకు జానెడు దూరంగా పెట్టించి, మధ్యాహ్నం కిటికీలు తీసి ఉంచమన్నాను. తవ్వకం తప్పింది. చుక్కలు కాగితం వెనుక, గోడవైపు పట్టి ఉంటే అప్పుడు ఊట కోసం వెతకాలి.

అపోహ: చలికాలంలో సిమెంటుకు నీళ్లు పోయకపోయినా ఫర్వాలేదు.

చలికి సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది, పొడిగాలి దాని తడిని లాగేస్తుంది. కాబట్టి రోజులు పెరగాలే కాని తగ్గకూడదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ రకం సిమెంటుకు 10 రోజులు తడి ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఆనికల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబు కింది ఆధారాలను 7 రోజులకు తీయవచ్చన్న లెక్క కూడా అందులోదే. అయితే మామూలు సిమెంటు వాడి, వాతావరణం 15 డిగ్రీల కంటే తగ్గనప్పుడే ఆ లెక్క వర్తిస్తుంది. 1672 మీటర్ల దేవమాలి కొండ చల్లగాలి తగిలే మా సెమిలిగూడ, పొట్టంగి రాత్రులకు అది సరిపోదు. సెంట్రింగు అద్దె పెరుగుతోందని తొందరపెట్టే యజమానులతో ఏటా వాదిస్తాను, ఇకముందూ వాదిస్తాను.

అపోహ: వెల్ల పేదవాళ్లది, రంగే గట్టిది.

చెమ్మగోడకు సున్నమే మేలు, ఎందుకంటే అది గోడలోని తడిని బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ రంగు ఆ తడిని లోపలే బిగించి పెచ్చులుగా రాలుతుంది. సున్నానికి ముందు గోడ తడపండి. ఎమల్షన్ రంగు అయితే మంచు ఆరి ఎండ తగిలాకే మొదలుపెట్టి, సాయంత్రం చలి దిగక ముందే ముగించండి.

తలుపు బిగుసుకుంటోందని వానాకాలంలో చిత్రిక పట్టించినవారికి ఇప్పుడు సందులు కనిపిస్తాయి. కలప ఆరి తగ్గే ఈ నెలల్లోనే వడ్రంగిని పిలవండి.

అపోహ: పొగ లేని బొగ్గు కుంపటి గదిలో పెట్టుకోవచ్చు.

ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని లేవనివ్వదు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరుదీ ఇదే ప్రమాదం. కిటికీ కాస్త తెరిచి ఉంచామన్న ధైర్యంతో కుంపటి పక్కన పడుకోవద్దు. చలి కాచుకున్నాక దాన్ని వాకిట్లో పెట్టి, నీళ్లు చల్లి ఆర్పి, తర్వాతే తలుపు వేయండి.