రోహిణి కార్తెలో నత్త, చెవులపిల్లి

మొన్న తెనాలి దగ్గర చేలో గట్టు మీద నడుస్తుంటే మా చెల్లి కొడుకు అడిగాడు, "మామయ్యా, కాలవ కట్టేశారుగా, నత్తలన్నీ చచ్చిపోయాయా?" అని. లేదురా, నీ కాళ్ళ కిందే ఉన్నాయన్నాను. అప్పటినుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

రోళ్ళు పగిలే ఆ ఎండలో చెవులపిల్లి, అదే మన అడవి కుందేలు, ఏం చేస్తుంది? బొరియ తవ్వుకోదు. పొద నీడలో గడ్డి అణిచి చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది. పల్చటి పెద్ద చెవుల నిండా రక్తనాళాలు, గాలి చల్లగా ఉంటే ఒంట్లో వేడి అక్కణ్ణుంచి పోతుంది. కానీ 44 డిగ్రీల గాలిలో ఆ చెవులే బయటి వేడిని లోపలికి లాగుతాయి, అందుకే పగలు కదలదు, రాత్రికి మేతకెళ్తుంది. వేడి రక్తం కదా, ఎంత ఎండలోనైనా ఒళ్ళు ఒకే వేడి మీద ఉండాలి, అంటే రోజూ తినాల్సిందే.

నత్తకి ఆ బాధ లేదు. పైలా అనే ఈ మంచినీటి నత్తకి నీళ్ళలో పీల్చడానికి మొప్ప, గాలి పీల్చడానికి ఊపిరితిత్తి సంచి, రెండూ ఉన్నాయి. చెరువు ఎండితే బురదలోకి దిగి, గట్టి మూత బిగించేసుకుని నెలల తరబడి ఏమీ తినకుండా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది దాని మూత్రం సంగతి. మాంసకృత్తులు కరిగితే నత్రజని వ్యర్థం మిగులుతుంది. నీళ్ళలో ఉన్నప్పుడు నత్త దాన్ని చాలావరకు అమ్మోనియాగా వదిలేస్తుంది, విషమే అయినా చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి పలచబడిపోతుంది. మూత పడ్డాక అలా వదిలితే తన విషంలో తనే చావాలి. అందుకని దాన్ని యూరిక్ యాసిడ్‌గా మార్చి మూత్రపిండంలో దాచుకుంటుంది. అది నీళ్ళలో దాదాపు కరగదు, కాబట్టి చుక్క నీరూ ఖర్చు కాదు. మన ల్యాబ్ రిపోర్టులో కనిపించేదీ, కీళ్ళలో చేరితే నొప్పి పుట్టించేదీ ఆ యూరిక్ యాసిడే! చెవులపిల్లి మాత్రం మనలాగే యూరియా చేస్తుంది, దాన్ని బయటికి పంపాలంటే నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు చాలావరకు పచ్చగడ్డిలోంచే రావాలి.

డిగ్రీలో మాచేత పైలా బొమ్మ పదిసార్లు గీయించారు, అది మా చేలో నత్తేనని ఒక్కరూ చెప్పలేదు. తొలకరికి నత్తలు వానతోపాటు పడతాయని నమ్మే పిల్లలు ఇంకా ఉన్నారు. కాలవలో నీళ్ళొచ్చిన మర్నాడు మా వాణ్ణి మళ్ళీ ఆ గట్టు మీదికే తీసుకెళ్తాను, మూత తెరుచుకోవడం వాడే చూస్తాడు.