ఏసీఈ యాంటీబాడీ: ల్యాబ్‌లో తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

రక్తపోటును నియంత్రించే ఎంజైముల్లో యాంజియోటెన్సిన్ కన్వర్టింగ్ ఎంజైమ్, అంటే ఏసీఈ, కీలకమైనది. పది అమైనో ఆమ్లాల యాంజియోటెన్సిన్-1 చివర నుంచి రెండింటిని కత్తిరించి, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. రక్తనాళాలను సడలించే బ్రాడీకైనిన్‌ను కూడా ఇదే విచ్ఛిన్నం చేస్తుంది. ఈ ఎంజైమును పట్టి చూపే యాంటీబాడీలతో పని చేస్తూ, కొత్త విద్యార్థుల నోట పదేపదే విన్న మాటలకు నా జవాబులివి.

అపోహ: ఏసీఈ యాంటీబాడీ రక్తపోటు తగ్గించే మందు.

కాదు. 1981లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్టోప్రిల్ వంటి మందులు చిన్న అణువులు. అవి ఎంజైము లోపలి జింకు ఉన్న చోటే కూర్చుని దాని పనిని ఆపుతాయి. యాంటీబాడీ ఎంజైము మీద ఎక్కడో ఒక చోట అతుక్కుంటుంది. అతుక్కున్నంత మాత్రాన పని ఆగిపోవాలని లేదు. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటే రోగ నిర్ధారణకు కూడా దాన్ని వాడకూడదు.

అపోహ: ఏసీఈకి తెచ్చిన యాంటీబాడీ ఏసీఈ2కి కూడా పనికొస్తుంది.

రెండూ చుట్టాలే కానీ, వేర్వేరు జన్యువుల నుంచి వచ్చే వేర్వేరు ప్రోటీన్లు. ఏసీఈ2 యాంజియోటెన్సిన్-2 నుంచి ఒక్క అమైనో ఆమ్లాన్నే తీసేస్తుంది. క్యాప్టోప్రిల్ దాన్ని అడ్డుకోలేదు. కరోనా వైరస్ కణంలోకి చొరబడేది ఈ ఏసీఈ2 ద్వారానే. ఆర్డరు పెట్టే ముందు పేరు చివరి అంకెను మరోసారి చూసుకోండి.

అపోహ: ఏ కణజాలంలోనైనా బ్యాండ్ ఒకే చోట రావాలి.

ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షే బ్లాట్; అందులో ప్రోటీను ఉన్న చోట కనిపించే గీత బ్యాండ్. మంచి నమూనాలను అన్యాయంగా చెత్తబుట్టలో వేయించేది ఈ అపోహే. ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో ఉండే ఏసీఈకి ఎన్, సి అనే రెండు డొమైన్లు, అంటే భాగాలు, ఉంటాయి. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం దాని బరువు సుమారు 150 కిలోడాల్టన్లే అయినా, ఒంటినిండా చక్కెర గొలుసులు ఉండటంతో బ్లాట్‌లో 170-180 దగ్గర కనిపిస్తుంది. ఆ గొలుసులను, వాటిని కత్తిరించే ఎంజైమైన పీఎన్‌గేజ్-ఎఫ్‌తో తొలగిస్తే బ్యాండ్ కిందికి దిగుతుంది. వృషణాల్లోని రూపానికి సి డొమైన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అది దాదాపు 100 దగ్గరే ఆగుతుంది. మీ యాంటీబాడీ ఎన్ డొమైనును గుర్తించేదైతే ఆ బ్యాండ్ అసలు రాదు. నమూనా పాడైందని తేల్చే ముందు, యాంటీబాడీని ఏ భాగానికి తయారు చేశారో డేటాషీట్‌లో చూడండి. వృషణ, మూత్రపిండ నమూనాలను పక్కపక్క వరుసల్లో నడిపితే విషయం ఒక్క జెల్‌లోనే బయటపడుతుంది.

అపోహ: బ్యాండ్ ముదురుగా ఉంటే ఎంజైము చురుగ్గా ఉన్నట్టే.

బ్యాండ్ చెప్పేది ప్రోటీను ఎంత ఉందన్నదే. క్యాప్టోప్రిల్ తరహా మందులు వాడేవారి రక్తంలో ఎంజైము ఉంటుంది, దాని పని మాత్రం అణగి ఉంటుంది. అలాగే రక్తాన్ని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపే రసాయనం) ఉన్న గొట్టంలో తీస్తే జింకు లాగేయబడి పని ఆగిపోతుంది, అందుకే పనితీరు కొలిచే పరీక్షకు సీరం తీసుకుంటారు. ప్రోటీను మోతాదు, పనితీరు రెండూ కావాలంటే రెండింటినీ విడిగా కొలవాల్సిందే.

అపోహ: మోనోక్లోనల్ అయితే ఇక పరీక్షించనక్కర్లేదు.

మోనోక్లోనల్ అంటే సీసాలోని యాంటీబాడీ అణువులన్నీ ఒకే రకం, అంతే. అవి గుర్తించే ఆకారమే మరో ప్రోటీను మీద ఉంటే అక్కడా అతుక్కుంటాయి. ఫార్మలిన్‌లో ఆ ఆకారం చెడితే అసలు ప్రోటీనునే వదిలేస్తాయి. ఇదే రక్తపోటు వ్యవస్థలో యాంజియోటెన్సిన్-2 వెళ్లి అతుక్కునే ఏటీ1 గ్రాహకం విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 2012, 2013లో వెలువడిన అధ్యయనాల్లో, మార్కెట్లో దొరికే పలు యాంటీబాడీలు ఆ గ్రాహకం లేని ఎలుకల్లోనూ అదే బ్యాండ్ చూపించాయి. వాటిని నమ్మి చేసిన పని ఎంతమందిని దారి తప్పించి ఉంటుందో తలచుకుంటే బాధేస్తుంది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి బ్లాట్‌లో ఏసీఈ లేని నమూనా ఒక వరుసలో ఉండాలని పట్టుబడతాను. జన్యువు తొలగించిన ఎలుకల కణజాలం దొరకకపోతే, ఏసీఈ లేని కణాల్లోకి ఆ జన్యువును ప్రవేశపెట్టి, ప్రవేశపెట్టని కణాలతో పోల్చవచ్చు. కొత్త లాట్, అంటే కొత్త విడత సరుకు, వచ్చినప్పుడు కూడా ఇదే పరీక్ష, ముఖ్యంగా పలు రకాల యాంటీబాడీల మిశ్రమమైన పాలీక్లోనల్ అయితే.