సైన్ వక్రం మీద సగటు మార్పు రేటు

సరళరేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒక్కటే. సైన్ వక్రంతో అలా కుదరదు. 0° నుంచి 30° దాకా ఒక రేటు వస్తుంది, 30° నుంచి 60° దాకా ఇంకొకటి, 0° నుంచి 180° దాకా చూస్తే ఏకంగా సున్నా. కాబట్టి త్రికోణమితి ప్రమేయం సగటు మార్పు రేటు ఎంత అని అడిగితే, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

లెక్క చేసే పద్ధతిలో కొత్తేమీ లేదు. అంతరం (ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న భాగం) చివర ప్రమేయం విలువలోంచి మొదట్లో ఉన్న విలువ తీసేసి, ఆ తేడాను అంతరం వెడల్పుతో భాగించాలి. వక్రం మీది ఆ రెండు బిందువుల గుండా గీసిన ఛేదనరేఖ వాలు ఇదే.

సైన్‌కు 0 నుంచి π/6 దాకా చేసి చూద్దాం. π రేడియన్లంటే 180°, కాబట్టి π/6 అంటే 30°. సైన్ 0 నుంచి 0.5కు పెరిగింది, వెడల్పు 0.5236 రేడియన్లు. 0.5 ÷ 0.5236 = 0.9549, దశాంశాలు వద్దనుకుంటే 3/π. ఇలాగే π/6 నుంచి π/3 దాకా 0.6990, π/3 నుంచి π/2 దాకా 0.2559 వస్తాయి. సైన్ పెరుగుతూనే ఉంది, కానీ పెరిగే జోరు తగ్గుతోంది. ఈ మూడు రేట్ల సగటు 0.6366, అంటే 2/π. 0 నుంచి π/2 దాకా ఒకేసారి లెక్కకట్టినా అదే వస్తుంది. మూడు ముక్కలూ సమానం కాబట్టి ఇలా నేరుగా సగటు తీయడం చెల్లింది. ముక్కలు హెచ్చుతగ్గుగా ఉంటే ఒక్కో రేటునూ దాని ముక్క వెడల్పుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం వెడల్పుతో భాగించాలి.

ఎక్కువమంది తడబడేది కోణం కొలత దగ్గర. పై మొదటి లెక్కలో వెడల్పును 30 అని రాస్తే జవాబు 0.01667. అది తప్పు కాదు, డిగ్రీకి ఎంత మార్పో చెబుతుంది. 0.9549 రేడియన్‌కు ఎంతో చెబుతుంది. అసలు తప్పు రెండూ కలిపేస్తేనే. క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉండగా సైన్ 0.5236 నొక్కితే 0.00914 వస్తుంది, దాన్ని 0.5236తో భాగిస్తే 0.01745. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకుంటే మంచిది, ఇది π/180. జవాబు ఉండాల్సిన దానికంటే పదుల రెట్లు చిన్నగా కనిపిస్తే ముందు మోడ్ చూడండి, సూత్రాన్ని అనుమానించడం తర్వాత.

ఈ తకరారు లేకుండా చేసిన పట్టిక ఒకటి చాలా పాతది ఉంది. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు ఇచ్చిన 24 సంఖ్యలు నిజానికి సైన్ విలువలు కావు, వరుస విలువల మధ్య తేడాలు. ఒక్కో అడుగు 3°45', అంటే 225 కళలు. డిగ్రీకి 60 కళలు. తేడాలు 225, 224, 222, 219, 215, 210, 205, 199 అంటూ మొదలై తగ్గుతూ తగ్గుతూ 22, 7 దగ్గర ఆగుతాయి. ఒక్కోదాన్నీ 225తో భాగిస్తే ఆ అడుగులో సగటు మార్పు రేటు చేతికొస్తుంది: మొదట్లో 1, చివర్లో 0.03. మొదటి ఎనిమిదీ కూడితే 1719, అది వ్యాసార్ధం 3438లో సరిగ్గా సగం, అంటే సైన్ 30°. ఎనిమిది అడుగుల వెడల్పు 1800 కళలు. 1719 ÷ 1800 చేస్తే 0.955, మనకు వచ్చిందే. 3438 అనే వ్యాసార్ధంలోనే కిటుకంతా ఉంది. చుట్టుకొలత 21,600 కళలు అనుకుంటే వ్యాసార్ధం దాదాపు 3438 కళలే అవుతుంది. చాపానికీ సైన్‌కూ ఒకే కొలబద్ద దొరికింది. ఇవాళ మనకు రేడియన్ చేసిపెట్టే పని అదే.

తేడాలు ఎందుకు ఆ తీరులో తగ్గుతాయో ఒక సూత్రం తేటగా చూపిస్తుంది. రెండు కోణాల సైన్‌ల తేడా = 2 × కొసైన్(కోణాల మొత్తంలో సగం) × సైన్(కోణాల తేడాలో సగం). దీన్ని వెడల్పుతో భాగించండి:

సగటు మార్పు రేటు = కొసైన్(మధ్య కోణం) × [సైన్(సగం వెడల్పు) ÷ సగం వెడల్పు]

మొదటి గుణకానికి అంతరం ఎక్కడుందన్నదే ముఖ్యం, రెండోదానికి ఎంత వెడల్పన్నదే ముఖ్యం. వెడల్పు π/6 అయితే రెండో గుణకం 0.9886. మన మూడు ముక్కల మధ్య కోణాలు 15°, 45°, 75°. వాటి కొసైన్‌లు 0.9659, 0.7071, 0.2588. ఒక్కోదాన్నీ 0.9886తో గుణిస్తే 0.9549, 0.6990, 0.2559 వచ్చి కూర్చుంటాయి. వెడల్పు 1 రేడియన్ అయితే రెండో గుణకం 0.9589, 0.1 రేడియన్ అయితే 0.9996. వెడల్పు సున్నాను సమీపించేకొద్దీ అది 1ని సమీపిస్తుంది, మిగిలేది కొసైన్ ఒక్కటే. సైన్ అవకలజం (ఒక్క బిందువు దగ్గరి మార్పు రేటు) కొసైన్ కావడం ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. వెడల్పు 2π అయితే రెండో గుణకమే సున్నా, అప్పుడు ఎక్కడ మొదలుపెట్టినా జవాబు సున్నాయే. కొసైన్ ప్రమేయానికి మధ్య కోణం సైన్ తీసుకుని రుణ గుర్తు పెడితే చాలు, రెండో గుణకం మారదు. రెండు గుణకాల్లో ఏదీ పరిమాణంలో 1ని మించదు కాబట్టి ఉత్త సైన్‌కు, రేడియన్లలో, 1.2 వంటి రేటు వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఈ రూపం చిన్న అంతరాల దగ్గర మరీ అక్కరకొస్తుంది. 30° నుంచి 30.1° దాకా నాలుగు దశాంశాల పట్టికతో చేస్తే తేడా 0.5015 − 0.5000 = 0.0015. నాలుగంకెల కచ్చితత్వంతో మొదలై రెండంకెలకు దిగిపోయాం. 0.001745తో భాగిస్తే 0.86 వస్తుంది, అందులో రెండో అంకెకే పూచీ లేదు. కొసైన్ 30.05° చూస్తే 0.8656 నేరుగా దొరుకుతుంది. కంప్యూటర్‌లోనూ ఇదే జరుగుతుంది, అంకెలు ఎక్కువ కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది, అంతే.

రెండు కొసలలో అవకలజాలు కనుక్కుని వాటి సగటు తీస్తే సగటు మార్పు రేటు రాదు. 0, π/6 దగ్గర అవి 1, 0.8660, సగటు 0.9330, రావాల్సింది 0.9549. అలాగే ప్రమేయం సగటు విలువ వేరు, సగటు మార్పు రేటు వేరు. 0 నుంచి π/2 దాకా సైన్‌కు కాకతాళీయంగా రెండూ 2/π కావడంతో రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. π దాకా వెళ్తే సగటు విలువ 2/π దగ్గరే ఉంటుంది, మార్పు రేటు సున్నా అవుతుంది.

టాన్‌తో ఇంకొంచెం జాగ్రత్త. π/4 నుంచి 3π/4 దాకా సూత్రంలో పెడితే −4/π అని బుద్ధిగా జవాబిస్తుంది. కానీ టాన్ ఎక్కడ నిర్వచితమైతే అక్కడ పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో π/2 దగ్గర వక్రం తెగిపోయింది, ఆ −4/πకు అర్థం లేదు. భాగించే ముందు అంతరంలో తెగిన చోటు ఉందేమో చూసుకోవాలి.

లోపల గుణకం ఉన్న ప్రమేయాలకు అలలాంటి కొలతలన్నీ ఉదాహరణలే. సముద్రమట్టం మీటర్లలో 3 + 2 × సైన్(π × గంటలు ÷ 6) అనుకుందాం. 1వ గంట దగ్గర 4 మీటర్లు, 3వ గంట దగ్గర 5. సగటు గంటకు 0.5 మీటరు. 3 అనే స్థిరాంకం తీసివేతలో ఎగిరిపోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. తప్పు జరిగేది భాగహారంలో. కోణం π/6 నుంచి π/2కు మారింది కదా అని π/3తో భాగిస్తే 0.955 వస్తుంది, అది రేడియన్‌కు రేటు. అడిగింది గంటకు కాబట్టి భాగించాల్సింది 2తో.

ఓడ నడిపేవాళ్లు ఈ లెక్కను పన్నెండో వంతుల సూత్రంగా నోటికి పట్టేశారు. పోటు ఎక్కే సుమారు ఆరు గంటల్లో నీరు వరుసగా పన్నెండింట 1, 2, 3, 3, 2, 1 వంతులు పెరుగుతుందని. సైన్‌తో సరిచూస్తే మొదటి గంటలో పెరిగేది మొత్తంలో 6.7 శాతం, సూత్రం చెప్పేది 8.3. రెండో గంటలో 18.3, సూత్రంలో 16.7. మూడో గంటకు రెండూ 25 శాతమే.