తడి అరచేతిలో లోషన్

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ఎవరి చేతి మీద గోటితో గీసినా తెల్లటి గీత పడుతుంది. రెండేళ్ళ కిందట ఒక వీడియో చూసి కలబంద గుజ్జు, రోజ్ వాటర్, కొబ్బరినూనె మిక్సీలో తిప్పి సీసాలో పోసి పెట్టుకున్నాను. మొదటిరోజు అచ్చం కొన్న లోషన్ లాగే ఉంది. మూడోరోజుకి నూనె పైకి తేలింది, అయినా ఊపి వాడాను, పదిరోజులకి మూత దగ్గర నల్లటి చుక్కలు, పుల్లటి వాసన, రాసుకున్న చోటల్లా చిన్న చిన్న పొక్కులు. సీసా పారేసి, అసలు లోషన్ అంటే ఏమిటో చదవడం మొదలుపెట్టాను.

ఏ లోషన్ సీసా అయినా వెనక్కి తిప్పి చూడండి, మొదటి పేరు దాదాపుగా ‘ఆక్వా’ అని ఉంటుంది, అంటే నీళ్ళే. ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాస్తారు కాబట్టి మనం కొనేదాంట్లో పెద్ద వాటా నీళ్ళదే. నీళ్ళూ నూనే కలవవు, వాటిని కలిపి ఉంచడానికి ఎమల్సిఫయర్ కావాలి (పాలలో వెన్న విడిపోకుండా ప్రొటీన్లు పట్టి ఉంచినట్టు). ఇక నీళ్ళున్న చోట బాక్టీరియా, బూజు పెరుగుతాయి కాబట్టి వాటిని ఆపే ప్రిజర్వేటివ్ కూడా తప్పదు. నా సీసాలో ఈ రెండూ లేవు. విటమిన్ ఇ గుళిక పిండితే నిలవ ఉంటుందని చాలామంది చెబుతారు కానీ అది నూనె కనరు వాసన రావడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప సూక్ష్మజీవుల్ని ఆపదు. ఫ్రిజ్ కూడా అంతే, వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. పైగా నల్లచుక్కలు కనబడే నాటికే లోపల లక్షల్లో పెరిగి ఉంటాయి.

ఇప్పుడు చర్మం సంగతి. పైపొర మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో ఒకటో రెండో భాగాలంత మందం ఉంటుంది, అంతే. అందులో చచ్చిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సెరమైడ్లు (ఒక రకం కొవ్వులు), కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి సున్నంలా పట్టి ఉంటాయి. లోపలి తడి బయటికి పోకుండా ఆపేది ఈ గోడే. చలికాలం గాలి పొడిగా ఉండి తడిని లాగేస్తుంది, దానికి తోడు మనం సలసలా కాగే నీళ్ళు పోసుకుని సబ్బుతో గట్టిగా రుద్దుతాం, ఆ సున్నం కాస్తా కడుక్కుపోతుంది.

లోషన్ రాసుకున్నాక అందులోని నీరు చాలావరకు కాసేపట్లోనే ఆవిరైపోతుంది. మిగిలి పనిచేసేది తడిని పట్టి ఉంచే గ్లిజరిన్ లాంటిదీ, పైన మూత వేసే నూనె లాంటిదీ. మరి ఆ నీళ్ళను సీసాలో నిలవపెట్టి తిప్పలు పడటం దేనికి? స్నానం చేయగానే ఒంటి మీద తడి ఉండనే ఉంది కదా!

నేను చేసేది ఇదీ: స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే తడి అరచేతిలో నాలుగైదు చుక్కల గ్లిజరిన్, అర చెంచా నూనె వేసి రెండు చేతులూ రుద్ది పూసుకుంటాను. ఆ కాసేపు కలిస్తే చాలు, నిలవ ఉండక్కర్లేదు గనక ఎమల్సిఫయరూ వద్దు, ప్రిజర్వేటివూ వద్దు. గ్లిజరిన్ కొత్తదేమీ కాదు, 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆలివ్ నూనెను సీసం ఆక్సైడుతో వేడిచేస్తుంటే బయటపడింది, తియ్యగా ఉంటుంది. మెడికల్ షాపులో ‘ఐపీ’ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశంలో మందుల నాణ్యతా ప్రమాణం) అని రాసి ఉన్న సీసా అడగండి. పొడి చర్మానికి చిక్కగా అలాగే పూయకండి, బయటి గాలిలో తేమ లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే లాగుతుంది.

ఏ నూనె అన్నది మాత్రం చిన్న విషయం కాదు. సహజమైనదేదైనా మంచిదే అనుకునేదాన్ని. 2013లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు పెద్దవాళ్ళ ముంజేతుల మీద కొన్ని వారాలపాటు రోజుకు రెండుసార్లు ఆరేసి చుక్కల ఆలివ్ నూనె రాయించి చూస్తే చర్మం పైపొర గోడ బలహీనపడింది, సన్‌ఫ్లవర్ నూనె రాసిన చేతి మీద అలా జరగలేదు. ఆలివ్‌లో ఒలేయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది కణాల మధ్య ఉన్న ఆ సున్నాన్ని వదులు చేస్తుంది. సన్‌ఫ్లవర్‌లో మామూలుగా ఎక్కువుండే లినోలేయిక్ ఆమ్లాన్ని చర్మం సెరమైడ్ల తయారీకి వాడుకుంటుంది. ఢాకాలోని పిల్లల ఆస్పత్రిలో నెలలు నిండక పుట్టిన పసికందులకు ఈ నూనే రాస్తే ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన వంటింట్లో పూరీలు వేయించే నూనె! (అలాంటి పసికందులకు ఇంట్లో మీ అంతట మీరు మాత్రం రాయకండి, డాక్టరును అడగండి.) మన కొబ్బరినూనె కూడా మంచిదే, కాకపోతే 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది గనక పొద్దున్నే ఎండలో పెట్టుకోవాలి.

నిమ్మరసం, వంటసోడా కలపమనే చిట్కాల జోలికి పోకండి. చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, సోడా దాన్ని చెడగొడుతుంది, నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలు కూడా రావచ్చు. ఇంకో మాట, ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒకటి రెండు రోజులు చూడండి.

పెదవులకు, మడమలకు నూనె సరిపోదు. అక్కడ పెట్రోలియం జెల్లీకి సాటి వచ్చేది నాకు కనబడలేదు, 1872లో చీజ్‌బ్రో అనే ఆయన అమెరికాలో వాసెలిన్ పేరుతో పేటెంట్ తీసుకున్నది ఇదే. దీంట్లో నీళ్ళే ఉండవు కాబట్టి పాడవదు. రాత్రి కాళ్ళు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, తుడిచి, కొద్దిగా పూసి నూలు సాక్సులు వేసుకుని పడుకుంటే వారంలో తేడా తెలుస్తుంది. మా అమ్మకు షుగర్ ఉంది, ఆమెకు మాత్రం కాళ్ళు నానబెట్టనివ్వను, జెల్లీ రాసి ఊరుకుంటాను, పగులు లోతుగా ఉండి నెత్తురు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.