నిప్పులో పుట్టిన రాయిలో నీళ్లెక్కడివి?

"తాతయ్య తెచ్చిన రాయి నుంచి చిన్న పలుకు తీసి పరీక్షనాళికలో వేడి చేశాను. పైన గాజుకు నీటి చుక్కలు పట్టాయి. అది అగ్నిపర్వతం రాయి అని నాన్న అంటారు. మరి నీళ్లెక్కడివి?"

జహీరాబాద్ నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి రాసిన ఉత్తరమిది. ఈమధ్య నాకు అందిన ప్రశ్నల్లో ఇంత పదునైనది మరొకటి లేదు. వాళ్ల తాతగారు పుణె దారిలో లారీ నడిపేవారట. కంకర క్వారీల దగ్గర బండి ఆగినప్పుడల్లా మెరిసే రాళ్లు ఏరి సీటు కింద పెట్టుకుని వచ్చేవారు. తండ్రికీ ఆ పిచ్చి అంటుకుంది. దసరా సెలవులొస్తే కారు పడమటికే. వాళ్లింట్లో షోకేసు నిండా రాళ్లే, స్టీలు సామాను అటక మీద.

వాళ్లు వెళ్లే దారి 65వ నంబరు జాతీయ రహదారి, మచిలీపట్నం నుంచి పుణె దాకా. భూగర్భశాస్త్రం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. హైదరాబాద్‌లో కాలి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. జహీరాబాద్ వైపు వెళ్లేసరికి బండరాళ్ల గుట్టలు మాయమై, నల్లరేగడి, ఎర్రమట్టి, వాటి కింద నల్లటి బసాల్ట్ మొదలవుతాయి. మన పిల్లలు "అగ్నిశిలలు, అవక్షేపశిలలు, రూపాంతర శిలలు" అని వల్లెవేసి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు. రోడ్డు కోసం తొలిచిన గుట్ట పక్కన బస్సు ఆపి చూపించే మాస్టారు మాత్రం ఎక్కడో గాని దొరకరు.

ఆ బసాల్ట్ 6.6 కోట్ల ఏళ్ల క్రితం పారిన లావా. దాన్ని అర్థం చేసుకోవాలంటే వంటింట్లో సెట్‌దోసె పోస్తుండగా చూడాలి. పులిసిన పిండిలోని వాయువు బుడగలై పైకి వస్తుంది. పిండి జారుగా ఉండగా పగిలిన బుడగ తాలూకు గుంట పూడిపోతుంది. పిండి బిగిసే వేళకు వచ్చిన బుడగ గుంటగా మిగిలిపోతుంది. లావాలోనూ అంతే. నేల లోపలి ఒత్తిడికి అందులో కరిగి ఉన్న నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు, లావా పైకి చేరి ఒత్తిడి తగ్గగానే బుడగలవుతాయి. తేడా ఒక్కటే. దోసెకు మంట అడుగున ఉంటుంది. సుమారు 1,100 డిగ్రీల లావా పైనా కిందా రెండు వైపులా చల్లారుతుంది. పైపొర ముందే గట్టిపడటంతో కింది నుంచి వచ్చే బుడగలు దాని కింద చిక్కుకుని, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. అడుగున అక్కడక్కడ సన్నటి నిలువు గొట్టాలు ఏర్పడతాయి. నడిమి భాగం మాత్రం గట్టిగా ఉంటుంది. క్వారీవాళ్లకు కావలసింది ఆ గట్టి రాయే. బోలు రాయి కంకరకు పనికిరాదని పక్కకు తోసేస్తారు. తాతగారు ఏరినది ఆ కుప్పలోనే! ఒక దోసె మీద మరొకటి పడినట్లు లావా మీద లావా పారి, పశ్చిమ కనుమల్లో ఆ దొంతర మందం రెండు కిలోమీటర్లు దాటింది. మహాబలేశ్వరం ఘాట్ రోడ్డులో నల్లరాతి మధ్య ఎర్రటి చారలు కనిపిస్తే, ఒక దోసెకూ మరో దోసెకూ మధ్య పొయ్యి ఆరిన కాలం అదే అనుకోండి. అప్పటికి పైనున్న రాయి మట్టిగా మారేంత విరామం దొరికిందన్నమాట.

నిప్పు పని ఇక్కడితో అయిపోయింది. గుంట ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని నింపింది నీరు, తల్లీ. పగుళ్లలోంచి దిగిన నీరు లోపలి వేడికి కాగి, బసాల్ట్‌లోని సిలికా, అల్యూమినియం, కాల్షియం, సోడియంలను కరిగించుకుని, ఆ గుంటల్లో స్ఫటికాలుగా పేర్చింది. తరచుగా ముందు గోడకు ఆకుపచ్చని పలుచటి పూత, ఆపైన పలుగురాయి జాతి, ఆ తరువాత జియోలైట్లు అనే, నీటిని లోపల దాచుకునే ఖనిజాలు. ఈ స్ఫటికాల్లో కొన్ని వాటిని మోస్తున్న రాయికన్నా కోట్ల ఏళ్లు చిన్నవి. చోటు లేకపోతే స్ఫటికానికి ముఖాలు ఏర్పడవు. అందుకే బోలు రాయిలోనే అందమంతా.

నువ్వు పంపిన ఫోటోలో లేత గులాబీ రంగులో, నడుము సన్నగా, రెండు కొసలూ విచ్చుకుని ఉన్నది స్టిల్‌బైట్ లాగే ఉంది. జియోలైట్లలో ఒకటి. సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరి కట్టుకున్న చట్రం అది. కొన్నిచోట్ల సిలికాన్ స్థానంలో అల్యూమినియం కూర్చుంటుంది. దానికి ఒక ధనావేశం తక్కువ. ఆ లోటు తీర్చడానికి సోడియం, కాల్షియం అయాన్లు చట్రంలోని సందుల్లో చేరతాయి. వాటిని పట్టుకుని నీటి అణువులుంటాయి. స్టిల్‌బైట్ బరువులో 17 శాతానికి పైగా నీరే. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఇలాంటి రాయినే మంట మీద కాల్చి, అది నురగలు కక్కడం చూసి ఆశ్చర్యపోయాడు. నువ్వు చూసిన చుక్కలూ అవే. మళ్లీ చేస్తే కళ్లద్దాలు పెట్టుకో.

ఇవే రాళ్లు, ముఖ్యంగా వాటితోపాటు దొరికే అపోఫిల్లైట్ అనే మరో ఖనిజం, ఆన్‌లైన్‌లో "ధనాకర్షణ" పేరిట వేలకు వేలు పలుకుతున్నాయి. ధనం ఆకర్షితమయ్యేది అమ్మేవాడికే. జియోలైట్ నిజంగా ఆకర్షించేది నైట్రోజన్‌ను! ఇళ్లలో రోగులకు పెట్టే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లలో ఉండేది కృత్రిమ జియోలైటే. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు రెండూ దాని రంధ్రాల్లో పడతాయి. అయితే నైట్రోజన్ అణువులో విద్యుదావేశం పంచుకున్న తీరు వల్ల, అంటే దాని క్వాడ్రుపోల్ బలం వల్ల, సందుల్లోని అయాన్లు దాన్నే గట్టిగా పట్టుకుంటాయి. ఆక్సిజన్ దాటుకుని రోగి దగ్గరికి వెళుతుంది. ఒత్తిడి తగ్గించగానే నైట్రోజన్ వదిలిపోతుంది, జియోలైట్ మళ్లీ పనికి సిద్ధం.

ఒక మనవి. తాతగారి రాళ్లలో ఏది ఎక్కడిదో ఆయన్ని అడిగి ఇప్పుడే చీటీలు రాసి అంటించు. ఊరు తెలియని రాయి అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. క్వారీలో అడుగుపెట్టే ముందు యజమాని అనుమతి తీసుకోండి.

ఈసారి దసరాకు కారు తూర్పుకు తిప్పమని నాన్నతో చెప్పు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇవతల, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో ఉన్నదీ బసాల్టే. పశ్చిమ కనుమల వైపు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అక్కడ రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది, అందులో గుల్లల శిలాజాలున్నాయి. మొదటి లావా చల్లారాక అక్కడికి ఉప్పునీరు వచ్చింది. ఆ తరువాతే రెండో లావా.